పటిక పలుకు

ఏప్రిల్ రెండో వారంలో అక్క వేడెక్కడం మొదలైంది.

అక్క ఒక స్ఫటికం. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన, ఒక టెలిస్కోపు కడుపులో ఉంది. దాని చెల్లి హార్స్‌లీ కొండ మీద అతిశీతల ప్రయోగశాలలో, ఉక్కు పీపాలో ఉంది. రెండూ ఒకే ఊదారంగు పటిక గడ్డను చీలిస్తే వచ్చినవి. కాగితాల మీద వాటికి అంకెలూ అక్షరాలూ కలిపిన పేర్లున్నాయి. కొండ మీద ఆ పేర్లు ఎవరూ వాడరు.

వేడెక్కడం అంటే డిగ్రీలో వెయ్యో వంతు కూడా కాదు. ఆ సంగతి చెప్పడానికి షఫీ నేలమాళిగ మెట్లు దిగి వచ్చాడు. టెలిస్కోపు నుంచి వచ్చే కొలతలు చూడటం అతని పని. గడ్డలు పెంచడం అలివేలు పని. ఆమె తొట్టిలో పెరుగుతున్న కొత్త గడ్డకు తీగ సరిచేస్తోంది.

"మేడం, అక్కకు జ్వరం" అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అలివేలు తీగ వదల్లేదు.

"ఎంత?" అని అడిగింది.

అతను చెప్పాడు. అంకె చిన్నదే. ఆ అంకె చాలు, టెలిస్కోపు గుడ్డిదవడానికి.

ఆ టెలిస్కోపు చూడాల్సింది ఒక బుడగను. ఆకాశంలో ఒకచోట కొత్తగా పుట్టిన నక్షత్రాల గుంపు ఉంది. వాటి నుంచి వీచే గాలులు, వాటిలో పెద్దవి పేలినప్పుడు పుట్టిన తాకిడి కలిసి చుట్టూ ఉన్న వాయువును వెలికి నెట్టేశాయి. నడుమ బోలు మిగిలింది. ఆ బోలును ఈ కొస నుంచి ఆ కొసకు దాటడానికి వెలుతురుకే వందల ఏళ్ళు పడుతుంది. లోపల మిగిలిన వాయువు వేడి ముప్పై లక్షల డిగ్రీలు. నక్షత్రాలు అందులో పోసిన వేడి ఎంతో లెక్క కట్టవచ్చు. ఇంతవరకు చూసినవాళ్ళకు దొరికింది అందులో సగంకన్నా తక్కువ. మిగతాది ఎక్కడికి పోయింది? కొండ మీది మనుషులు పదేళ్ళుగా పనిచేస్తున్నది ఆ ఒక్క ప్రశ్న కోసం.

అంత వేడి వాయువు ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. ఒక్కో కిరణం వచ్చి టెలిస్కోపులోని పలకకు తగిలినప్పుడు పలక రవ్వంత వేడెక్కుతుంది. ఆ రవ్వను కొలవాలంటే పలక అంతకుముందు చల్లగా ఉండాలి. ఇలాంటి పనికి మామూలుగా ద్రవ హీలియం నింపి పంపుతారు. అది ఆవిరైపోయిన రోజు టెలిస్కోపు పని అయిపోతుంది. ఇక్కడ పలకను చల్లబరిచేది అక్క, దానికి ఆ బాధ లేదు. అక్కలోని వేడి చెల్లిలోకి వస్తుంది. చెల్లిని కొండ మీద యంత్రాలు చల్లబరుస్తూ ఉంటాయి.

ఇది కనిపెట్టినవాడు మునిరత్నం, ప్రయోగశాల పెద్ద. ఎవరైనా చూడటానికి వస్తే ఆయన ఒకటే చేసి చూపిస్తాడు. ఒకే గడ్డ నుంచి చీల్చిన రెండు ముక్కల్లో ఒకదాన్ని ప్లాస్టిక్ తొడుగులో చుట్టి టీ గ్లాసులో వేస్తాడు. రెండోది పక్క గదిలో థర్మామీటరు మీద ఉంటుంది. గ్లాసులో ముక్క మునిగిన మరుక్షణం పక్క గదిలో పాదరసం లేస్తుంది. ఎట్లా సార్ అని అడిగితే, "ఎట్లనో తెలిస్తే ఈ కోతుల కొండ మీద నాకేం పని?" అంటాడు. తరువాత ఆ టీ తాగుతాడు.

గడ్డను చీల్చే రోజు కొండ మీద అందరూ పని మానుకుని వచ్చి నిలబడతారు. మునిరత్నం కత్తి ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొడతాడు. ఒక్కోసారి అంచున పలుకు ఊడిపడుతుంది. మొదట్లో ఆ పలుకులను కూడా టీలో వేసి చూశారు. జంట ముక్కల దగ్గర థర్మామీటరు కదల్లేదు. అందుకని వాటికి చచ్చిన పలుకులని పేరు పెట్టారు. చచ్చినా పటిక పటికే. దిష్టికి మంచిది. ఎవరింట్లో చంటిబిడ్డ ఉంటే వాళ్ళకు ఇవ్వడం ఆనవాయితీ అయింది. కొండ మీది వ్యానుకు ఒకటి వేలాడుతుంది. క్యాంటీన్ గుమ్మానికి నిమ్మకాయతో పాటు ఒకటి ఉంది.

అక్కనూ చెల్లినీ చీల్చిన రోజు ఊడింది ఒకే పలుకు, చింతగింజంత. ఆ రోజు అలివేలు తన బిడ్డను చంకనేసుకుని వచ్చింది. పొన్నికి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. మునిరత్నం ఆ పలుకును బిడ్డ పిడికిట్లో పెట్టాడు.

"ఇదిగోమ్మా, నీ వాటా" అన్నాడు.

కింద మదనపల్లె దగ్గర ఇంట్లో అలివేలు అత్త రెడ్డెమ్మ దాన్ని గుడ్డలో కుట్టింది. పటిక నీళ్ళలో కరుగుతుంది కాబట్టి గుడ్డను తేనెమైనంలో ముంచింది. బిడ్డ మొలతాడుకు కట్టింది.

రెండున్నరేళ్ళప్పుడు పొన్నికి జ్వరం వచ్చింది. మందులు ఇచ్చారు, తడిగుడ్డలు వేశారు, ఆసుపత్రిలో చేర్చారు. నూటనాలుగు దగ్గర నిలిచిన జ్వరం దిగలేదు. ప్రపంచంలో ఇంకెవరూ చేరలేనంత చలిని చేరిన మనిషి అలివేలు. ఆ జ్వరాన్ని ఆరు డిగ్రీలు దింపలేకపోయింది.

చిన్నబిడ్డను కాల్చరు. చేని చివర, ఎత్తు గట్టున, కానుగ చెట్టు కింద పెట్టారు. మొలతాడు తీయబోతే రెడ్డెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. దావలో తోడుంటాది" అంది.

ఇది జరిగి మూడేళ్ళు. అక్క ఆకాశానికి వెళ్ళింది ఈ ఏడాది మార్చిలోనే.

*

ఏప్రిల్ గడిచింది. అక్క వేడి పెరిగింది. టెలిస్కోపును నడిపేవాళ్ళు దాన్ని సూర్యుడికి అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. పరికరాలను ఒక్కొక్కటే ఆపి చూశారు. మీ చెల్లే కారుతోందని కొండకు కబురు పెట్టారు. మునిరత్నం చెల్లి పీపాను విప్పి, బిగించి, మళ్ళీ విప్పాడు. చెల్లి చల్లగానే ఉంది. మూడో చోటు నుంచి వేడి వస్తోంది. ఆ మూడో చోటు ఏదో ఎవరికీ తెలియదు.

మే గడిచింది. అక్టోబరు దాటితే బుడగ సూర్యుడి వెనక్కి పోతుంది. మళ్ళీ కనపడటానికి నెలలు పడుతుంది. టెలిస్కోపును తిప్పే చక్రాల్లో ఒకటి అప్పటికే మొరాయిస్తోంది. ఇంకో ఏడాది అది తిరుగుతుందని ఎవరూ అనుకోవడం లేదు.

జూన్‌లో వానలు పడ్డాయి. కొండ మీద స్వెట్టర్లు బయటికొచ్చాయి. అక్క వేడి మాత్రం ఇంకా ఎక్కుతూనే ఉంది.

ఆ నెలాఖరులో ఒక పొద్దున అలివేలు మాళిగలోకి దిగింది. గడ్డలు పెరిగే చోటు అది. పటిక నీళ్ళు నెలల తరబడి ఒకే వేడిలో ఉండాలి కాబట్టి బండను తొలిచి నేల లోపల గది కట్టారు. దిగిన కాసేపటికి ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. పైన చలి, ఇక్కడ ఉక్క. ఇందులో కొత్త ఏమీ లేదు. పైన కాసిన ఎండ నేలలోకి దిగడానికి వారాలు పడుతుంది. మాళిగకు ఎండాకాలం జూన్‌లో వస్తుందని కొండ మీద సామెతలా చెప్పుకుంటారు.

అలివేలు కొంగు వదిలేసి మెట్లెక్కింది. షఫీ తెర ముందు నిలబడింది.

"అక్క గీత తెరువు" అంది. "పక్కనే మాళిగ వేడి పెట్టు."

షఫీ పెట్టాడు. రెండు గీతలూ ఏప్రిల్‌లో కలిసి లేచాయి. మేలో కలిసి ఎక్కాయి. అక్క గీత కొంచెం నిటారుగా ఉంది, అంతే తేడా. వేడి నేలలో నుంచి వస్తోంది, అక్కకు వేడి పంపగలిగేది అదే గడ్డ ముక్కే.

"పలుకేదో మాళిగలో పడిపోయిందా మేడం?"

"మాళిగ కాదు. అంతకన్నా పైన. ఇంత ఎక్కువగా ఊగుతోందంటే ఐదారు అడుగుల లోతు."

"పలుకులు చచ్చినవి కదా?"

"టీలో చచ్చాయి" అంది అలివేలు. "చలిలో ఎవరు చూశారు?"

ఆ మధ్యాహ్నమే చూశారు. వేరే గడ్డ తాలూకు పలుకును బల్ల మీద పెట్టి, దాని పెద్ద ముక్కను పీపాలో అడుగంటా చల్లబరిచారు. బల్ల మీది పలుకు మీద షఫీ వేలు ఆనించాడు. తెర మీద గీత లేచింది. వేలు తీశాడు. గీత దిగింది. పలుకు బతికే ఉంది. అది పంపే వేడి ఇసుమంత. పక్క గది థర్మామీటరుకు అది అందదు. అక్క ఉన్న చలిలో అది కొలిమి.

"వ్యానులో ఉన్నది, క్యాంటీన్‌లో ఉన్నది, అన్నీ తెప్పిస్తా" అని షఫీ లేచాడు. "ఇంతకీ అక్క గడ్డ పలుకు ఎవరి దగ్గరుంది సార్?"

అతను కొండ మీదికి వచ్చి రెండేళ్ళే. జ్వరం సంగతి విన్నాడు, పలుకు సంగతి వినలేదు. గదిలో మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. మునిరత్నం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే ఇచ్చినా" అన్నాడు. "నా చేత్తో ఇచ్చినా."

అలివేలు తెర వైపే చూస్తోంది. ఏప్రిల్ నుంచి ఆమె రోజూ ఆ గీతను చూస్తోంది. అది ఏ మట్టి వెచ్చదనమో ఇప్పుడు తెలిసింది.

*

ఆమె భర్త దామోదరం టమాటా మండీలో వేలం పాట నడుపుతాడు. ఆమెకు మేనమామ వరస. పెళ్ళికి ముందు నుంచీ మామా అనే పిలుస్తుంది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు అంతా చెప్పింది. అతను వింటూ కాళ్ళకంటిన బురద గీక్కున్నాడు.

"తొవ్వాలంటారు, అంతేనా?"

"సార్ ఇంకా అడగలేదు."

"అడుగుతాడు. నువ్వేమంటావు?"

"నాకు తెలీదు మామా."

"నాకు తెలుసు" అని అతను లోపలికి పోయాడు.

రెండు రోజుల తరువాత మునిరత్నం అలివేలును వెంటబెట్టుకుని మండీకి వచ్చాడు. దామోదరం క్రేట్ల వరస మీద నిలబడి వేలం పాట నడుపుతున్నాడు. చుట్టూ వ్యాపారులు, రైతులు. మునిరత్నం నమస్కారం పెట్టి, పని అయినాక మాట్లాడదాం నాయనా, అన్నాడు. దామోదరం దిగలేదు. గొంతు కూడా తగ్గించలేదు.

"ఇనండయ్యా! కొండ మింద నుంచి సారు వచ్చినాడు. కొత్త సరుకు కావాలంట. నా బిడ్డ గుంత! ఏం పాడతారు సారూ? మొదటి పాట మీదేనా? నక్షత్రాలు పెడతారా, బుడగ పెడతారా? ఎవురైనా ఎక్కువ పాడేవాళ్ళుండారా?"

మునిరత్నం చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. వెనక్కి తిరిగాడు. వ్యాను దాకా నడవడానికి అలివేలు ఆయన మోచెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

"తప్పేం లేదమ్మా అతనిది" అన్నాడు వ్యానులో. "నేను ఇంక అడగను. బుడగ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అది మన కోసం పుట్టింది కాదు."

వ్యానుకు వేలాడే పలుకును షఫీ ముందే తీసుకుపోయాడు. దారం మాత్రం ఊగుతోంది.

ఆ తరువాత కొండ మీద ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అలివేలు పొద్దునే వచ్చి గీత చూసేది. జులైలో అది పైన నిలిచింది. ఆగస్టులో దిగడం మొదలుపెట్టింది. మట్టి చల్లబడుతోంది. ఆమె దానికి అలవాటు పడింది. ఊరికి పోయిన బిడ్డ నుంచి ఫోను వచ్చినట్టు ఉండేది. వేరే ఏ తల్లికీ ఆ కబురు రాదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పలుకు అక్కడే ఉండిపోవాలని తనలో ఒక మూల అనుకుంటున్నట్టు ఆమెకు తెలుసు.

ఒక ఆదివారం అన్నం తిన్నాక దామోదరం విస్తరి ముందు నుంచి లేవలేదు.

"ఆ బుడగలో ముప్పై లక్షల డిగ్రీలంటివే. ఆడ చెయ్యి పెడితే ఏమైతాది?"

"చలికి బిగుసుకుపోతుంది."

"ఎగతాళి చేస్తాండావా?"

"లేదు మామా. వేడుంది గాని పల్చన. ఒక అణువు ఈడుంటే ఇంకోటి యాడో ఉంటుంది. చేతికి తగలడానికి ఏమీ ఉండదు. ఎంత వేడున్నా వెచ్చగా ఉండదు."

అతను విస్తరి మడిచాడు.

"మరి ఈడ? కానుగ కింద? ఆ పలుకు ఏం చేస్తా ఉండాది?"

"దాని చుట్టూ ఉన్న మట్టి వేడిని తీసి పైకి పంపుతా ఉంది."

"మట్టి వేడిని."

"ఆఁ."

"అంటే బిడ్డ దగ్గర సల్లబడతా ఉండాదా?"

అలివేలు అబద్ధం చెప్పి ఉండవచ్చు. "చాలా తక్కువ మామా. జానెడు మేర. ఏ థర్మామీటరుకూ అందదు."

"తక్కువైతే? చలే గదా అది!"

అతని గొంతు వంటింటి దాకా వినపడింది. రెడ్డెమ్మ బయటికొచ్చింది.

"ఎవురికిరా చలి?"

ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయింది.

"నేనే కట్టినా" అంది. "ఈ చేతుల్తో నేనే కట్టినా."

"నువ్వు కట్టినావు, సారు ఇచ్చినాడు, నేను పెంచినా" అంది అలివేలు. "ఎవురి తప్పని చెప్పేది అత్తా?"

"తొవ్వేది మాత్రం ల్యాదు" అన్నాడు దామోదరం. ఈసారి గొంతులో వేలం లేదు. "నేను చూడలేను మే. ఆ గుడ్డ, ఆ మొలతాడు... నా వల్ల కాదు. చలిలో పెట్టాలేను, తొవ్వాలేను."

సాయంత్రం బోరు నీళ్ళు వచ్చాయి. వాన తరువాత ఆ నీళ్ళు ఎర్రగా వస్తాయి. రెడ్డెమ్మ బిందె ముందు కూర్చుని, ఎప్పటిలాగే పటిక ముక్కను చేత్తో పట్టుకుని నీళ్ళలో నాలుగు చుట్లు తిప్పింది. మట్టి అడుక్కు పోతుంది. ముక్క అరుగుతుంది. అలివేలు పెళ్ళై వచ్చినప్పుడు అది పిడికెడు ఉండేది. ఇప్పుడు ఉసిరికాయంత ఉంది.

అలివేలు ఆ చేతిని చాలాసేపు చూసింది.

"మామా" అని పిలిచింది. "తొవ్వే పన్లేదు. నీళ్ళు పోస్తే చాలు."

*

మర్నాడు కొండ మీద పరీక్షించారు. గ్లాసులో మంచినీళ్ళు పోసి పలుకు వేశారు. పీపాలో దాని పెద్ద ముక్క ఉంది. పలుకు కరుగుతున్న కొద్దీ గీత దిగింది. చివరి పొడి కరిగాక గీత అడుగున పడుకుంది. గ్లాసులో నీళ్ళు లేత ఊదారంగుకు తిరిగాయి. కరిగినవాటిని చలి గుర్తుపట్టదు.

"మూడేళ్ళ వానకు కరగనిది ఇప్పుడు కరుగుతుందా మేడం?" అన్నాడు షఫీ.

"మా వాన అంత లోతు దిగదు. గట్టు ఎత్తు. గుడ్డకు మైనం ఉంది. మైనం మూడేళ్ళకు పగులుతుంది. నీళ్ళు ఆగకుండా పోయాలి."

"ట్యాంకరు పంపిస్తా" అన్నాడు మునిరత్నం.

"వద్దు సార్. మేం పోసుకుంటాం."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి కానుగ చెట్టు దగ్గర మూడు రాళ్ళ పొయ్యి మీద నీళ్ళు కాచే అండా ఉంది. కింద మంట. దామోదరం చెరకు పిప్పి ఎగదోస్తున్నాడు.

"ఇది దేనికి మామా? సన్నీళ్ళు చాలు."

"సన్నీళ్ళు పోస్తామా బిడ్డకు?" అన్నాడు.

నీళ్ళు వేడిగా ఉంటే పటిక త్వరగా కరుగుతుంది, అది నిజం. ఈ వేడి అంత లోతుకు చేరదు, అదీ నిజం. దారిలో మట్టి తాగేస్తుంది. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బిందె అందుకుంది.

రెడ్డెమ్మ అండాలో మోచెయ్యి పెట్టి చూసింది. "కాలతా ఉండాది. తొలపండి" అంది. చన్నీళ్ళు కలిపారు. మళ్ళీ మోచెయ్యి పెట్టింది. "ఊఁ. పొయ్యండి. బిరబిర పొయ్యాకండి, ఉక్కిరిబిక్కిరి అయితాది."

మెల్లగా పోశారు. మట్టి తాగింది. ఆవిరి లేచి పోయింది.

మర్నాడు సాయంత్రం అలివేలు వ్యాను దిగగానే దామోదరం అడిగాడు.

"చేరిందా?"

"లేదు."

"రేపు ఇంకో అండా పెడదాం."

ఇంకో అండా పెట్టారు. రోజూ మండీ మూసి వస్తూ అతను చెరకు పిప్పి తెచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళు చూసి అటుగా రావడం మానేశారు. కొందరు మాత్రం అడిగారు. నీళ్ళు పోస్తాండాం అని మాత్రం చెప్పాడు. రోజూ అలివేలు దిగగానే ఒకటే మాట. "చేరిందా?" "లేదు మామా." రెడ్డెమ్మ మోచేతి కొలత మారలేదు. ఇంకొంచెం వేడిగా పోస్తే నయమని అలివేలుకు తెలుసు. ఆ మాట ఆమె అత్తతో అనలేదు.

సెప్టెంబరు మూడో వారంలో ఒక పొద్దున షఫీ ఆమె కోసం వ్యాను దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మేడం, గీత పెరిగింది."

ఆమె పరుగెత్తలేదు. వెళ్ళి తెర ముందు కూర్చుంది. రోజురోజుకూ దిగుతున్న గీత మీద నిన్న సాయంత్రం దాటాక చిన్న ఎత్తు మొదలైంది. తెల్లవారే దాకా ఉండి, మెల్లగా సర్దుకుంది. ఆమె లెక్క కట్టింది. పలుకు ఉన్న చోట మట్టి అర డిగ్రీ వెచ్చబడింది.

"తప్పు దారిలో పోతున్నామేమో మేడం" అన్నాడు షఫీ. "తగ్గాల్సింది పెరిగింది."

"లేదు షఫీ. ఇది మేం పోసిన నీళ్ళు."

ఆ రోజు ఆమె మధ్యాహ్నం బస్సుకే దిగిపోయింది. దామోదరం ఇంకా మండీలో ఉన్నాడు. క్రేట్ల వరస పక్కన నిలబడింది. అతను పాట మధ్యలో ఆమెను చూశాడు.

"చేరిందా?" అన్నాడు అక్కడి నుంచే.

"చేరింది."

అతను పాట ఆపి క్రేట్ల మీదే కూర్చున్నాడు. వ్యాపారులు ఏం దామూ, ఏమైంది, అంటున్నారు. తువ్వాలు మొహానికి పెట్టుకుని అతను చాలాసేపు తీయలేదు.

"వెచ్చగా ఉండిందా మే?" అని అడిగాడు తువ్వాల్లో నుంచే.

"తెల్లారే దాకా ఉండింది మామా."

ఆ తరువాత వారం రోజులు అది రోజూ కనపడింది. సాయంత్రం దాటాక ఎత్తు, తెల్లవారేసరికి సర్దుబాటు. అలివేలు ఆ ఎత్తును చూడటానికి పొద్దున మొదటి వ్యానులో పోయేది. గుడ్డ ఎప్పుడో ఒకప్పుడు తడుస్తుందనీ, అప్పుడు ఇది ఉండదనీ ఆమెకు తెలుసు. ఆ వారంలో ఒకరోజు నీళ్ళు మానేద్దామా అని కూడా అనుకుంది. అప్పుడు చలి మిగులుతుంది. మానలేదు.

అక్టోబరు మొదట్లో, పొద్దున పని మధ్యలో, ఆమె చూస్తుండగానే గీత కదిలింది. మెట్టు మెట్టుగా దిగింది. ఒకచోట కొంచెం ఆగింది. మళ్ళీ దిగింది. తరువాత అడుగున పడుకుంది. అక్క చల్లబడింది.

షఫీ కేక పెట్టాడు. గదిలోకి మనుషులు వచ్చారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, అలివేలును చూసి ఆపేశారు. మునిరత్నం వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

రెండు రోజుల్లో బుడగ నుంచి కిరణాలు అందాయి. వారంలో జవాబు కూడా దొరికింది. బుడగ గోడకు చీలికలున్నాయి. పోయిందనుకున్న వేడి వాటి గుండా బయటి శూన్యంలోకి కారిపోతోంది. ఆ కొలతను ప్రకటించే పరిశోధన పత్రం మీద మొదటి పేరు అలివేలుది ఉండాలని మునిరత్నం పట్టుబట్టాడు. ఆమె సరేనంది.

అది తరువాతి మాట. గీత పడుకున్న రోజు సాయంత్రం ఆమె ఎప్పటి వ్యానుకే దిగింది. చేని గట్టు మీద పొగ కనపడింది. దామోదరం పొయ్యి దగ్గర ఉన్నాడు. రెడ్డెమ్మ అండా పక్కన కూర్చుని ఉంది. ఆమె నడిచి వచ్చే తీరు చూసి ఇద్దరూ లేచారు.

"ఇంక అక్కర్లేదు" అంది అలివేలు. "కరిగిపోయింది."

దామోదరం పిప్పి ఎగదోయడం ఆపాడు.

"చలి పోయిందా?"

"పోయింది మామా. ఇంక అది ఉత్త మట్టే."

రెడ్డెమ్మ అండాలో మోచెయ్యి పెట్టి తీసింది.

"నీళ్ళు కాగినాయి" అన్నాడు దామోదరం.

అలివేలు కుచ్చిళ్ళు ఎగదోపుకుని బిందె అందుకుంది. తొలిపారు. మెల్లగా పోశారు, అండా ఖాళీ అయ్యేదాకా. మట్టి తాగింది.

మర్నాడు సాయంత్రం ఆమె వ్యాను దిగింది. దామోదరం గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె సంచి అందుకుని ముందు నడిచాడు. చేరిందా అని అడగలేదు.